పటంలో లేని దేశం... ఆల్బమ్‌లో ఉంది!

"తాతయ్యా, దీనిమీద ఎన్ని సున్నాలున్నాయో లెక్కపెట్టావా?"

ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద పింగాణీ పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు. పక్కనే పాత పంచె చింపి పరిచిన గుడ్డ. దానిమీద ఆరబెట్టిన స్టాంపులు. ఎనిమిదేళ్ల మనవరాలు భూతద్దం పట్టుకుని వాటిలో ఒకదాని మీదికి వంగిపోయింది. మధ్యలో రెక్కలు విప్పిన గద్ద, కింద ఒక అంకె. ఆ అంకె వెనక బారుగా సున్నాలు.

"ఆరు" అన్నాను.

"ఆరు సున్నాలంటే... ఇరవై లక్షలు! ఒక్క స్టాంపు ఇరవై లక్షలా? మరి దీన్ని అమ్మేస్తే మనం కారు కొనుక్కోవచ్చుగా!"

కారు రాదమ్మా, నిజానికి దీనికి పెద్ద ఖరీదే లేదు అని చెబితే నమ్మలేదు. అది 1924 నాటి పోలండ్ స్టాంపు. ధర ఇరవై లక్షల మార్కులు. ఆ దేశంలో అప్పుడు డబ్బు విలువ అంతగా పడిపోయింది. రెండు మూడేళ్ల ముందు కొన్ని మార్కులతో పోయిన ఉత్తరానికి వేలు, లక్షలు అతికించాల్సి వచ్చింది. చివరికి ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రభుత్వం కొత్త నాణెం తెచ్చింది. పేరు జ్వోతి. పద్దెనిమిది లక్షల పాత మార్కులకు ఒక్క జ్వోతి. అంటే మా పిల్ల చేతిలో ఉన్న ఆ ఇరవై లక్షల స్టాంపు కొత్త లెక్కలో ఒక జ్వోతి, పైన పదకొండు పైసల్లాంటి గ్రోషులు.

అంతా విన్నాక అది అడిగిన మాటే ఈ వ్యాసానికి మూలం. "సరే, మరి దీన్ని ఏ పేజీలో పెట్టాలి?"

తపాలా గురించి ఈమధ్య అందరూ మాట్లాడుకుంటున్నారు. 2025లో మన దేశంలో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కోర్టు నోటీసు, ఉద్యోగం ఆర్డరు, రాఖీ కవరు... 'రిజిష్టరు' చేయడం అన్న మాట తెలుగిళ్లలో ఎన్ని తరాలు వినబడిందో! అదే ఏడాది డిసెంబరు చివర్లో డెన్మార్క్ తపాలా సంస్థ నాలుగు వందల ఏళ్లుగా చేస్తున్న ఉత్తరాల బట్వాడాకు స్వస్తి చెప్పింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మిత్రులు నన్నడుగుతారు, ఉత్తరాలే పోతుంటే ఇంకా స్టాంపులెందుకని. ఉత్తరాలు పోతున్నాయి కాబట్టే స్టాంపులు కావాలి. ఒక జాతి తన గురించి తాను ఏం చెప్పుకుందో, ఎవరు చెప్పనివ్వలేదో ఆ చిన్న కాగితం ముక్కల మీద ఉంది. అది ఏ దేశం విషయంలోనూ పోలండ్ విషయంలో ఉన్నంత స్పష్టంగా నాకు కనబడలేదు. అందుకే ఇన్నేళ్లుగా ఆ ఒక్క దేశాన్నే పట్టుకున్నాను.

దేశం లేదు, స్టాంపు ఉంది

పోలండ్‌ను 1772, 1793, 1795లలో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకున్నాయి. మూడో పంపకంతో ఆ దేశం పటంలోంచే పోయింది. మళ్లీ 1918 నవంబరు 11 దాకా రాలేదు. నూట ఇరవై మూడేళ్లు. వింత ఏమిటంటే, పోలండ్ మొదటి స్టాంపు ఆ లేని కాలంలోనే పుట్టింది.

1860 జనవరి 1న వార్సాలో విడుదలైన ఆ స్టాంపు నీలం, గులాబీ రంగుల్లో ఉంటుంది. ధర పది కోపెక్కులు. మధ్యలో ఉన్నది రష్యా చక్రవర్తి రెండు తలల గద్ద. ఆ గద్ద గుండెల మీద, భూతద్దం పెడితేగానీ ఆనవాలు పట్టలేనంత చిన్నగా, పోలండ్ తెల్ల గద్ద. చుట్టూ అక్షరాలు ఒకవైపు రష్యన్‌లో, ఒకవైపు పోలిష్‌లో. అచ్చయింది వార్సాలోని పోలండ్ బ్యాంకు ముద్రణాలయంలో. చెక్కినవాడు పోలండ్ మనిషి, హెన్రిక్ మేయర్. పరాయి ప్రభువు బొమ్మలో తమ పక్షిని అంతమాత్రం దాచుకోగలిగారు.

దానిమీద పడే ముద్ర కూడా చూడదగ్గదే. ఒకదానిలో ఒకటి నాలుగు వలయాలు, నడుమ ఒక అంకె. 1 అంటే వార్సా. ఒక్కో ఊరికి ఒక్కో నంబరు. చిన్న ఊళ్ల నంబర్లు పడ్డ స్టాంపుల కోసం సేకర్తలు ఏళ్ల తరబడి వెతుకుతారు.

1863లో పోలండ్ వాళ్లు రష్యా మీద తిరగబడ్డారు. అణిచివేత మొదలైంది. 1865లో ఆ స్టాంపును ఎత్తేశారు, రష్యా స్టాంపులే వాడమన్నారు. అక్కణ్నుంచి యాభై మూడేళ్లు పోలండ్ పేరున ఒక్క స్టాంపూ లేదు.

అచ్చు ఆల్బమ్‌లు కొన్నవారికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. వాటిలో 1860 గడి తర్వాత తిన్నగా 1918 గడి వస్తుంది. మధ్యకాలం ఖాళీ కూడా కాదు, అసలు లేనట్టే. నేను మాత్రం ఆ యాభై మూడేళ్లకు నాలుగు పేజీలు కేటాయించాను. వార్సా ముద్ర పడ్డ రష్యా స్టాంపులు, పోజ్నాన్ ముద్ర పడ్డ జర్మన్ స్టాంపులు, క్రాకోవ్, ల్వూఫ్ ముద్రలు పడ్డ ఆస్ట్రియా స్టాంపులు. స్టాంపు పరాయిది, ముద్ర సొంత ఊరిది. విడిగా చూస్తే మామూలు సరుకు. ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూడండి, మూడు ముక్కలైన దేశం కనబడుతుంది.

మనకిది మరీ తెలియని సంగతి కాదు. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత స్టాంపులుండేవి. వాటిమీద ఉర్దూతోపాటు తెలుగు అక్షరాలూ కనబడతాయి. 1950లో ఆ తపాలా భారత తపాలాలో కలిసింది. మా ఇంట్లో అలాంటి కవరొకటి ఉండేది. దాన్ని చూసిన కళ్లతోనే నేను పోలండ్‌ను చూశాను.

మూడు చొక్కాలు విప్పి ఒకటి కుట్టుకున్నారు

1918 నవంబరులో స్వాతంత్ర్యం వచ్చింది. చేతిలో స్టాంపుల్లేవు. స్వాతంత్ర్యం వచ్చిన ఆరో రోజున, అంటే నవంబరు 17న, వార్సా నగర తపాలా కోసం అచ్చు వేసి ఉంచిన స్టాంపుల మీద 'పోచ్తా పోల్స్కా' అని కొత్తగా ముద్ర కొట్టి అమ్మకానికి పెట్టారు. పోలిష్ తపాలా అని ఆ మాటకు అర్థం. వాటిమీద జిగ్మంట్ రాజు స్తంభం, సోబియెస్కీ విగ్రహం, గద్ద ఉంటాయి. ఆ తర్వాత జర్మన్లు వదిలివెళ్లిన స్టాంపుల వంతు. వాటి మీద అప్పటికే 'వార్సా గవర్నరేట్' అని జర్మన్ అచ్చు ఉంది. దాన్ని గీతలతో కొట్టేసి పైన పోలండ్ పేరు వేశారు. ఒకే స్టాంపు మీద ముగ్గురి రాతలు. కింద జర్మనీ, దానిమీద ఆక్రమణ, దానిమీద స్వేచ్ఛ. ఇలాంటిది అరచేతిలో పట్టుకున్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

దక్షిణాన క్రాకోవ్‌లో 1919 జనవరిలో ఆస్ట్రియా స్టాంపుల మీద ఇదే పని చేశారు. కొన్ని విలువలు బహు తక్కువగా అచ్చయ్యాయి. పోలండ్ సేకరణలో అందరూ కలలుగనే స్టాంపులు అవే.

కొత్త దేశానికి డబ్బు కూడా ఒకటి కాలేదు. ఉత్తరాన జర్మన్ల నాటి మార్కు, దక్షిణాన ఆస్ట్రియా నాటి కొరోనా. అందుకని 1919లో అవే బొమ్మలు, అదే గద్ద, అదే గుర్రపు రౌతు, రెండు వరసలుగా అచ్చయ్యాయి. ఒకటి ఫెనిగ్-మార్కుల్లో, ఇంకొకటి హాలెష్-కొరోనాల్లో. వాటిలో మళ్లీ అంచుకు చిల్లులు ఉన్నవి, లేనివి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇవన్నీ ఒకటేననుకుని నకళ్ల డబ్బాలో పడేస్తారు. అంకె పక్కన ఉన్న చిన్న అక్షరం చూడాలి. ఆ ఒక్క అక్షరంలో ఒక దేశపు రెండు సగాలు ఉన్నాయి. ఇవి ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. కొత్తవారెవరైనా అడిగితే మొదట వీటినే కొనమంటాను.

---

■ మోసపోకండి

క్రాకోవ్ అచ్చు స్టాంపులకు దొంగ నకళ్లు అసలువాటికంటే ఎక్కువ తిరుగుతున్నాయి. అసలు ఆస్ట్రియా స్టాంపు చవకది. దానిమీద దొంగ అచ్చు కొడితే చాలు. నేనూ ఒక వ్యాపారి దగ్గర నమ్మకంగా కొని, ఏడాది తర్వాత అది బూటకమని తెలుసుకున్నాను. పోయిన డబ్బుకన్నా ఆ ఏడాదంతా దాన్ని మురిపెంగా అందరికీ చూపించానన్న బాధ ఎక్కువ. గుర్తింపు ఉన్న నిపుణుడి ధ్రువపత్రం లేనిదే వీటి జోలికి పోవద్దు. ముందు చెప్పబోయే 1950 నాటి 'గ్రోషీ' ముద్రల విషయంలోనూ ఇదే జాగ్రత్త.

---

తపాలా కచేరీ కోటగా మారిన రోజు

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత గ్దాన్స్క్ రేవు పట్టణాన్ని ఎవరికీ ఇవ్వకుండా స్వతంత్ర నగరం చేశారు. జర్మన్లు దాన్ని డాంజిగ్ అంటారు. అక్కడ సొంతంగా తపాలా నడుపుకునే హక్కు మాత్రం పోలండ్‌కు దక్కింది. 1925 జనవరిలో పోలండ్ ఆ ఊళ్లో ఎర్ర తపాలా పెట్టెలు తగిలించింది. తెల్లారేసరికి కొన్నింటికి ఎవరో పాత జర్మన్ జెండా రంగులు పూసేశారు. ఒక తపాలా పెట్టె గొడవ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ మే నెలలో న్యాయస్థానం పోలండ్ వాదనే సరైనదంది. 'పోర్ట్ గ్దాన్స్క్' అన్న అచ్చుతో పోలండ్ స్టాంపులు అక్కడ చలామణీ అయ్యాయి. నా దగ్గర అవి నాలుగున్నాయి. చూపుకు ఏమీ గొప్పగా ఉండవు.

1939 సెప్టెంబరు 1. తెల్లవారుజామున నాలుగూ నలభై అయిదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఆ వేళకే ఆ ఊళ్లోని పోలిష్ తపాలా కార్యాలయం మీద దాడి జరిగింది. లోపల ఉన్నది గుమాస్తాలు, పోస్టుమెన్లు. యాభై పైచిలుకు మంది. ఉత్తరాలు సార్టు చేసే చేతులతో తుపాకులు పట్టి పద్నాలుగు గంటలు పోరాడారు. ఆఖరికి భవనంలోకి పెట్రోలు పంపించి నిప్పంటించారు. తెల్ల గుడ్డ పట్టుకుని ముందు బయటికొచ్చిన అధికారిని అక్కడే కాల్చేశారు. కాపలాదారు ఇంట్లో పెరుగుతున్న పదేళ్ల ఆడపిల్ల కాలిన గాయాలతో కొన్ని వారాలకు చనిపోయింది. బతికి దొరికిన 38 మంది ఉద్యోగులను అక్టోబరు 5న వరసగా నిలబెట్టి చంపారు. ఆ కార్యాలయం ఇప్పుడు మ్యూజియం. గుంటర్ గ్రాస్ నవల 'ది టిన్ డ్రమ్' చదివినవారికి ఆ దాడి గుర్తుంటుంది.

పోస్టుమెన్లను గురించి మనకు ఎన్నో కథలున్నాయి. వానలో వాగు దాటి మనియార్డరు తెచ్చిన పోస్టుమన్ మా ఊళ్లోనూ ఉండేవాడు. గ్దాన్స్క్ కథ విన్న తర్వాత ఆ ఖాకీ చొక్కాను నేను మరోలా చూడటం మొదలుపెట్టాను.

యుద్ధకాలం పేజీలు నా ఆల్బమ్‌లో అన్నిటికంటే బరువైనవి. ఒకవైపు ఆక్రమించిన జర్మన్లు వేసిన 'జనరల్ గవర్నమెంట్' స్టాంపులు. వాటి ఎదురు పేజీలో లండన్‌కు తరలిపోయిన పోలండ్ ప్రభుత్వం 1941 డిసెంబరులో వేసిన వరస. కాలు మోపడానికి సొంత నేల లేదు కాబట్టి ఆ స్టాంపులు పోలండ్ నౌకల మీద, సైనిక శిబిరాల్లో చెల్లేవి. బొమ్మలేమిటి? కూలిన వార్సా భవనాలు, క్రాకోవ్‌లో పడగొట్టిన కవి మిత్స్కియేవిచ్ విగ్రహం. తమ గెలుపులనే స్టాంపుగా వేసుకుంటారు ఏ దేశస్థులైనా. వీళ్లు తమ శిథిలాలను వేసుకున్నారు. 1944లో ఇటలీలోని మోంటే కసీనో కొండను గెలిచాక ఆ ప్రభుత్వం వేసిన స్టాంపుల్లో కొన్నిటిమీద ఆ తేదీని అచ్చు కొట్టారు.

ఇంకో పేజీలో వోల్డెన్‌బర్గ్ ఖైదీల శిబిరం. జర్మన్లకు పట్టుబడిన వేలమంది పోలండ్ అధికారులు అక్కడ 1942 నుంచి ముళ్లకంచె లోపల తమకు తామే తపాలా నడుపుకున్నారు. చెక్కపలకల మీద బొమ్మలు చెక్కి చేత్తో స్టాంపులు అచ్చు వేశారు. వచ్చిన డబ్బు చనిపోయిన సైనికుల భార్యలకు, పిల్లలకు. గీత వంకర పోయిన చోట కత్తి జారిన చెయ్యి కనబడుతుంది. యంత్రం అచ్చువేసిన ఏ స్టాంపూ నాకంత దగ్గరగా రాలేదు.

పాతిక మాటల ఉత్తరం

1944 ఆగస్టు 1న వార్సా తిరుగుబాటు మొదలైంది. అరవై మూడు రోజులు సాగింది. వీధులు తెగిపోయాయి, ఇంటివాళ్లు ఒకరికొకరు కాకుండా పోయారు. తల్లి ఒక పేటలో, కొడుకు ఇంకో పేటలో. అప్పుడు స్కౌటు పిల్లలు తపాలా మొదలుపెట్టారు. పన్నెండు నుంచి పదిహేనేళ్ల వయసు. భుజాన సంచీ, చేతికి పట్టీ. బారికేడ్ల కిందనుంచి, నేలమాళిగల గోడలకు కొట్టిన కన్నాల్లోంచి, కొన్నిసార్లు మురుగు కాలువల్లోంచి ఉత్తరాలు చేరవేశారు.

నియమాలు తక్కువ. పాతిక మాటలు దాటకూడదు. ఎక్కడున్నారో, పోరాటం ఎలా ఉందో రాయకూడదు. డబ్బు తీసుకోరు. ఇవ్వాలనిపిస్తే గాయపడ్డవాళ్లు చదువుకోవడానికి ఒక పుస్తకం ఇవ్వవచ్చు. తర్వాత తర్వాత దానికి స్టాంపులూ వచ్చాయి.

నేను ఒక రాత్రి కాగితం తీసుకుని పాతిక మాటల్లో మా అమ్మకు ఉత్తరం రాయాలని కూర్చున్నాను. 'క్షేమం' అన్నాక, 'తిన్నావా' అన్నాక, పిల్లల పేర్లు రాశాక మిగిలినవి తొమ్మిది. ఆ తొమ్మిది మాటలకు గంట పట్టింది. వార్సాలో ఆ పిల్లలు మోసింది అలాంటి ఉత్తరాలు. అసలు స్కౌటు ఉత్తరం కొనే స్తోమత నాకు లేదు. ఆ పేజీలో నకలు బొమ్మ పెట్టి, కింద 'నకలు' అని స్పష్టంగా రాశాను. సేకరణలో నిజాయితీ మొదటి నియమం.

పిల్లులు, కుక్కలు, రాకాసి బల్లులు

మన దేశంలో డెబ్భైలు, ఎనభైలలో చిన్నతనం గడిపినవారికి పోలండ్ ముందు తెలిసింది స్టాంపుల ద్వారానే. పుస్తకాల షాపులో, తిరునాళ్లలో సెలొఫేన్ పొట్లాల్లో అమ్మేవారు. రంగురంగుల పుట్టగొడుగులు, గుర్రాలు, కుక్కలు, 1964 నాటి పిల్లులు, 1965 నాటి డైనోసార్లు. ఒక మూలన పొందిగ్గా గుండ్రటి ముద్ర. వెనక్కి తిప్పితే జిగురు అలాగే ఉండేది! ముద్ర పడ్డ స్టాంపుకు జిగురెలా ఉంటుందన్నది నా చిన్ననాటి పెద్ద ప్రశ్న.

జవాబు పెద్దయ్యాక దొరికింది. అవి ఏ ఉత్తరం మీదా ప్రయాణించలేదు. కమ్యూనిస్టు ప్రభుత్వానికి విదేశీ డబ్బు కావాలి. అందుకని షీట్లకు షీట్లు అచ్చు వేసి, అక్కడే ముద్ర కొట్టి, 'ఆర్స్ పోలోనా' అనే ఎగుమతి సంస్థ ద్వారా ప్రపంచమంతా అమ్మించింది. ముద్ర వేసినవి కాబట్టి తక్కువ ధరకు ఇచ్చినా తపాలాకు నష్టం లేదు. కొందరు సేకర్తలు వీటిని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. ఆ పొట్లం లేకపోతే ఒక తెలుగు పల్లెటూరి పిల్లవాడికి కోపర్నికస్ పేరు, మేరీ క్యూరీ పుట్టిన దేశం పేరు ఎలా తెలుస్తాయి? ఆ డైనోసార్ల వెనకా ఒక నిజం ఉంది. సరిగ్గా ఆ ఏళ్లలోనే జోఫియా కీలన్ యవరోవ్‌స్కా అనే శాస్త్రవేత్త నాయకత్వంలో పోలండ్ బృందాలు మంగోలియా వెళ్లి గోబీ ఎడారిలో డైనోసార్ ఎముకలు తవ్వుతున్నాయి.

ఆ కాలపు స్టాంపుల్లో శిల్పం చూడాలంటే చెస్వావ్ స్వానియాను వెతకండి. 1921లో పుట్టాడు. ఆక్రమణ రోజుల్లో ప్రతిఘటన దళాలకు దొంగ పత్రాలు తయారు చేసిన చెయ్యి అది. 1951 మార్చిలో ఆయన చెక్కిన మొదటి స్టాంపు వచ్చింది. పారిస్ కమ్యూన్ వీరుడు యారోస్వావ్ దొంబ్రోవ్‌స్కీ ముఖం. ఉక్కుపలక మీద, బొమ్మ తిరగేసి, వెంట్రుకంత గీతలు ఒక్కొక్కటే చెక్కాలి. తప్పితే దిద్దుకోవడం మహా కష్టం. 1956లో స్వీడన్ వెళ్లిపోయాడు. 2005లో చనిపోయేసరికి అనేక దేశాలకు వెయ్యికి పైగా స్టాంపులు చెక్కాడు. భూతద్దం కింద ఆయన గీసిన బుగ్గ చూస్తే అది నీడ అనిపించదు, చర్మమనిపిస్తుంది.

ఇక 1950 'గ్రోషీ' ముద్రలు. ఆ అక్టోబరు చివర డబ్బు విలువ రాత్రికి రాత్రి మార్చారు. పాత స్టాంపుల మీద 'గ్రోషీ' అని రబ్బరు ముద్ర కొట్టి వాడమని ఊళ్లకు ఉత్తర్వు పోయింది. ఒక్కో చోట ఒక్కో ముద్ర, ఒక్కో సిరా. వాటి రకాలు పోల్చుకోవడమే కొందరికి జీవితకాలపు పని. ఒకసారి తెలియక అలాంటిదొకటి నీళ్లలో వేశాను. ఊదా సిరా కళ్లముందే పళ్లెం నిండా పాకింది.

దొంగచాటు తపాలా

1981 డిసెంబరు 13న సైనిక పాలన విధించి సాలిడారిటీ కార్మిక ఉద్యమాన్ని అణిచివేశారు. నాయకుల్ని శిబిరాల్లో నిర్బంధించారు. ఆ శిబిరాల్లోనే ఖైదీలు లినోలియం ముక్కల మీద బొమ్మలు చెక్కి స్టాంపులు చేశారు. బయట ఇళ్లలో, నేలమాళిగల్లో వేలాది రకాలు రహస్యంగా అచ్చయ్యాయి. ఉత్తరం మీద అతికిస్తే చెల్లవు. కొన్న డబ్బు జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు, రహస్య పత్రికలకు పోయేది. దొరికితే శిక్ష. అయినా జనం కొన్నారు.

వాటిమీద బొమ్మలు చూస్తే ప్రభుత్వ స్టాంపుల్లో ఏమేం లేవో అర్థమవుతుంది. 1940లో కాటిన్ అడవిలో సోవియట్లు చంపిన పోలండ్ అధికారులు. 1984లో రహస్య పోలీసుల చేతిలో హతుడైన ఫాదర్ యెజీ పొపియేవుష్కో. నేను 1980ల ప్రభుత్వ స్టాంపులను ఎడమ పేజీలోనూ, వీటిని కుడి పేజీలోనూ ఎదురెదురుగా పెట్టాను. ఎడమవైపు పువ్వులు, ఓడలు. కుడివైపు సమాధులు, సంకెళ్లు. అదే ఏళ్లు, అదే దేశం.

సర్దడంలోనే ఉంది సంగతి

పోలండ్ స్టాంపులు ఇప్పటికి అయిదు వేల రకాలు దాటాయి. అన్నీ కొందామని బయల్దేరితే విసుగొచ్చి మానేస్తారు. ఒక ప్రశ్న పెట్టుకుని కొనాలి. నా ప్రశ్న: ఈ ఊళ్లో ఈ రోజున ఉత్తరానికి డబ్బు వసూలు చేసే అధికారం ఎవరిది? దాన్నిబట్టి మూడు ఫైళ్లు చేశాను. దేశం లేనప్పటి తపాలా, దేశపు తపాలా, దొంగచాటు తపాలా. మీకు విజ్ఞానం ఇష్టమైతే 1923 నుంచి వచ్చిన కోపర్నికస్ స్టాంపులతో మొదలుపెట్టండి. 1973లో ఆయన అయిదు వందల ఏళ్ల పండుగకు మన దేశమూ ఒక స్టాంపు వేసింది, దాన్నీ పక్కన చేర్చండి. సంగీతమైతే షోపాన్. ఆయన మొదటి స్టాంపు 1927లో వచ్చింది.

అచ్చు ఆల్బమ్ కంటే ఖాళీ పేజీలు మేలు. పేజీలు విడదీసి కలుపుకునేలా ఉండాలి. కొత్తది దొరికితే మధ్యలో చోటు చేయొచ్చు. ప్రతి స్టాంపు కింద పెన్సిల్‌తో ఏడాది, కేటలాగు నంబరు రాయండి. పోలండ్‌లో అందరూ ఫిషర్ కేటలాగు వాడతారు. జర్మన్ మిహెల్, ఇంగ్లండ్ స్టాన్లీ గిబ్బన్స్, అమెరికా స్కాట్ నంబర్లు వేరు. ఏదో ఒకటి పట్టుకుని దానికే కట్టుబడండి. రెండు కలిపితే గందరగోళమే. కొనాల్సినవాటి జాబితా జేబులో ఉండాలి, లేకపోతే ఉన్నదే మళ్లీ కొంటారు.

---

■ నీళ్లలో వేసే ముందు

కవరు మీంచి స్టాంపును ఎప్పుడూ లాగకండి. చుట్టూ వేలెడు కాగితం ఉంచి కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో బొమ్మ పైకి వచ్చేలా వేయండి. కొంతసేపటికి తనంతట తానే విడివడుతుంది. ఊదా, ఎర్ర సిరా ముద్రలున్నవి, రంగు కాగితపు కవరు మీదివి వేయొద్దు. కొత్తకాలపు స్టిక్కరు స్టాంపులు నీళ్లకు ఊడవు, కాగితంతోనే ఉంచండి. గుడ్డమీద బోర్లా ఆరబెట్టి, మెత్తని కాగితాల మధ్య పెట్టి పైన బరువైన పుస్తకం ఉంచండి. చేత్తో ముట్టకండి, ట్వీజర్స్ వాడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం జిగురు అంటుకుపోతుంది. ఆల్బమ్‌లు నిలువుగా పెట్టి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి. చవక ప్లాస్టిక్ కవర్లు రంగు తినేస్తాయి.

■ చదవడం నేర్చుకోండి

'పోచ్తా పోల్స్కా' అంటే పోలిష్ తపాలా. 'పోచ్తా లోత్నిచా' విమాన తపాలా. 'దోప్వాతా' ఉంటే తక్కువ స్టాంపు అంటించినందుకు వసూలు చేసినది. 'జ్వోతి' అంటే బంగారపుది అని అర్థం. ఒక జ్వోతికి నూరు గ్రోషులు.

---

ఎగరని బెలూను

ఒక్క స్టాంపు గురించి చెప్పకుండా ఉండలేను. 1938లో పోలండ్ ఒక పెద్ద బెలూనును ఆకాశం పై అంచులకు పంపాలనుకుంది. పేరు 'పోలండ్ నక్షత్రం'. ఎగరబోయే ముందే, సెప్టెంబరులో, దానికోసం ప్రత్యేక షీటు విడుదలైంది. అక్టోబరులో కొండలోయలో ఎగరడానికి సిద్ధం చేస్తుండగా ఆ బెలూను తగలబడిపోయింది. ప్రయాణం జరగలేదు. స్టాంపు మిగిలింది. ఏడాది తిరగకుండా యుద్ధం వచ్చింది.

మన నేల మీద పోలండ్ పిల్లలు

సైబీరియా దాకా తరిమేసిన పోలండ్ అనాథ పిల్లలకు 1942లో జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ ఇల్లు కట్టించాడు. కొల్హాపూర్ దగ్గర వలివడే శిబిరంలో అయిదు వేలమంది దాకా పోలండ్ శరణార్థులు ఉండేవారు. వార్సాలో 'మంచి మహారాజు' పేరిట ఒక కూడలి ఉంది. 2024 ఆగస్టులో మన ప్రధాని అక్కడికి వెళ్లి పూలు పెట్టారు. ఆ శిబిరాల నుంచి పోయిన ఉత్తరాల మీద ఉన్నది ఆరో జార్జి బొమ్మతో మన స్టాంపు. పైన మన ఊరి ముద్ర. పంపినవారి పేరు పోలిష్. అలాంటి కవరు ఏ దేశపు ఆల్బమ్‌లోకి వెళ్లాలి? నా లెక్కలో అది పోలండ్ సేకరణే. ఇంకా నాకు దొరకలేదు, దానికోసం ఒక పేజీ ఖాళీగా ఉంచాను.

మా మనవరాలికి జవాబు కూడా అలాగే దొరికింది. ఇరవై లక్షల స్టాంపును 1924 పేజీలో వరస చివర పెట్టాను. అది ఒప్పుకోలేదు. తీసి, ఆ పక్కనే కొత్త జ్వోతి నాటి ఒక గ్రోషు స్టాంపు పెట్టింది. "పెద్దది పోయి చిన్నది వచ్చిందని చూడగానే తెలియాలి కదా తాతయ్యా" అంది. ఆ పేజీ ఇప్పుడు అది సర్దినట్టే ఉంది.

మీ ఇళ్లలో అటకమీద, ట్రంకు పెట్టెల్లో పాత ఉత్తరాల కట్టలుంటే ఒక్క మాట వినండి. ఏ దేశానివైనా సరే, పాత ఇనుము బండికి వేయకండి, పిల్లల కోసం స్టాంపులు చింపకండి. కవరు కవరుగా ఉంచండి. ముద్ర, తేదీ, ఊరి పేరు, రాసినవారి దస్తూరీ కలిసి ఉంటేనే దానికి విలువ. ఈ ఆదివారం ఆ కట్ట దించి, ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో కవరూ ఎవరు ఎవరికి రాశారో అడిగి పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసిపెట్టండి.